మనల్ని చదివితే పక్షపాతం, వాళ్ళని చదివితే పరిశోధనా?



పోయిన నెల ఒక ఆదివారం పొద్దున టాంపినీస్ రౌండ్ మార్కెట్‌లో నలుగురం తెలుగువాళ్ళం ప్రాటా తింటూ కూర్చున్నాం. అందరం సాఫ్ట్‌వేరే. అందులో ఒకాయన పదేళ్ళు లండన్‌లో ఉండి ఈమధ్యే ఇక్కడికి మారాడు. మాట ఎక్కడ మొదలైందో గుర్తు లేదు గానీ పది నిమిషాల్లో యూరప్ మీదికి వచ్చింది.

"యూరప్ పని అయిపోయింది గురూ. 2050 కల్లా సగం జనాభా వాళ్ళే. నేనంటున్నది కాదు, రీసెర్చ్ చెప్తోంది."

"ఏ రీసెర్చ్?" అనడిగాను.

"బోలెడున్నాయి."

"ఒక్కటి చెప్పు."

"ఏంటి, నువ్వు కూడా సెక్యులర్ బ్యాచిలో చేరిపోయావా?"

మిగతా ఇద్దరూ నవ్వారు. సంభాషణ అక్కడితో ముగిసింది. మేం తిన్న ప్రాటా కాల్చి పెట్టింది ఒక తమిళ ముస్లిం పెద్దాయన. ఆయనకి మా భాష రాదు కాబట్టి సరిపోయింది.

ఈ వ్యాసం ఆ బల్ల దగ్గర నేను చెప్పలేకపోయిన జవాబు. పాశ్చాత్య దేశాల్లో ఇస్లాం మీద, ముస్లింల బతుకుల మీద విశ్వవిద్యాలయాల్లో నిజంగానే చాలా పరిశోధన జరిగింది. మనవాళ్ళు దాన్ని చదవరు, దాని పేరు మాత్రం వాడుకుంటారు. ఇది రాసినందుకు కొందరు నన్ను కుహనా లౌకికవాది అంటారని తెలుసు. అననివ్వండి. ముందు లెక్కలు చూద్దాం.

మన మీద పడ్డ నింద ఎలా తేలింది?

ముందు మన సంగతే చెప్తాను. 2005లో భారతదేశం, సింగపూరు సమగ్ర ఆర్థిక సహకార ఒప్పందం చేసుకున్నాయి. ఇక్కడ అందరూ దాన్ని సీకా అంటారు. కోవిడ్ కాలంలో ఉద్యోగాలు పోతున్నప్పుడు కొంతమంది స్థానికుల కోపమంతా ఆ రెండక్షరాల మీదికి మళ్ళింది. మా టాంపినీస్ పక్కనే ఉన్న చాంగీ బిజినెస్ పార్క్‌ని చెన్నై బిజినెస్ పార్క్ అని వెక్కిరించారు. సీకా అనేది ఒప్పందం పేరు కాస్తా మనుషుల్ని తిట్టే మాట అయింది. 2021 మే నెలలో చోవా చూ కాంగ్‌లో నడకకి వెళ్ళిన ఒక భారతీయ సంతతి మహిళని మాస్కు కిందికి ఉందనే నెపంతో ఒకడు జాతి పేరుతో తిట్టి, ఛాతీ మీద తన్నాడు. ఆ వారమంతా మన ఇళ్ళల్లో ఎంత భయపడ్డామో మీలో ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

అప్పుడు మనం ఏం అడిగాం? లెక్కలు బయటపెట్టమన్నాం. ఆ జులైలో మంత్రి పార్లమెంటులో అంకెలు చెప్పారు. 2020లో సీకా కింద భారతదేశం నుంచి కంపెనీలు బదిలీ మీద పంపిన ఉద్యోగులు సుమారు 500 మంది. అదే ఏడాది మొత్తం ఎంప్లాయ్‌మెంట్ పాసులు దాదాపు 1,77,000. వాటిలో భారతీయుల వాటా 2005లో 14 శాతం ఉంటే 2020కి పావు వంతుకి చేరిందని కూడా దాచకుండా చెప్పారు. పెరిగిన మాట నిజమే, ఆ పెరుగుదలకి సీకా కారణమన్నది మాత్రం నిజం కాదు. ఈ తేడా చూపించే ఆ అంకెల్ని మనం ఎంత ఉత్సాహంగా అందరికీ పంపుకున్నామో! "చూశారా, వదంతి వేరు, వాస్తవం వేరు" అని ఎన్నిసార్లు అనలేదు?

సరే, ఇప్పుడు అదే కొలబద్ద యూరప్ ముస్లింల దగ్గరికి తీసుకెళ్దాం.

2050 లెక్క అసలు ఎంత?

అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2017లో యూరప్ ముస్లిం జనాభా మీద అంచనాలు ప్రచురించింది. అప్పటి యూరోపియన్ యూనియన్‌లోని 28 దేశాలు, నార్వే, స్విట్జర్లాండ్ కలిపి 2016లో ముస్లింలు 4.9 శాతం. ఇక 2050కి మూడు దారులు ఊహించారు. వలసలు పూర్తిగా ఆగిపోతే 7.4 శాతం. మధ్యస్తంగా ఉంటే 11.2 శాతం. 2014–16 మధ్య శరణార్థులు వెల్లువలా వచ్చారే, ఆ స్థాయిలోనే ముప్పై ఏళ్ళకి పైగా వస్తూ ఉంటే 14 శాతం. మా మిత్రుడి సగానికీ ఈ 14కీ మధ్య తేడా ఎంతో ఇంజినీర్లకి నేను చెప్పక్కర్లేదు.

ఆయన పదేళ్ళున్న దేశమే చూడండి. ఇంగ్లండ్, వేల్స్ జనగణనలో మతం గురించిన ప్రశ్న 2001లో వచ్చింది. అప్పుడు ముస్లింలు 3 శాతం. 2011లో దాదాపు 5, 2021లో 6.5. పెరుగుతున్నారు, నిజమే. ఆ పెరుగుదల ఇళ్ళ మీద, బడుల మీద, ఎన్నికల మీద ఏం ప్రభావం చూపుతుందో అడగడం న్యాయమైన ప్రశ్నే. కాని ఆ ప్రశ్న 6.5 దగ్గర మొదలవ్వాలి. యాభై దగ్గర మొదలుపెట్టేవాడు సందేహం అడగడం లేదు, తీర్పు చెప్తున్నాడు.

అమెరికా జనగణన మతం అడగదు. ఫ్రాన్సు జనగణన కూడా అడగదు. కాబట్టి అక్కడ సర్వేల మీద ఆధారపడాలి. ప్యూ సంస్థ అమెరికన్ ముస్లింల మీద 2007, 2011, 2017లలో పెద్ద సర్వేలు చేసింది. మొదటి సర్వే ఉర్దూ, అరబిక్, ఫార్సీల్లో కూడా ఫోన్లు చేసి అడిగింది. ఆ నివేదికకు వాళ్ళు పెట్టుకున్న పేరే అసలు సంగతి చెప్తుంది: వీళ్ళు ఎక్కువగా మధ్యతరగతి, దేశపు ప్రధాన స్రవంతిలో కలిసిపోయినవాళ్ళు అని. 2017 అంచనా ప్రకారం అమెరికాలో ముస్లింలు సుమారు 34.5 లక్షలు, అంటే జనాభాలో నూటికి ఒకరు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సర్వేలో ముస్లిం అంటే ఎవరు? అయిదు పూటలా నమాజు చేసేవాడా, రంజానుకి మాత్రమే మసీదుకి వెళ్ళేవాడా, పేరు తప్ప ఇంకేమీ లేనివాడా? మన జనగణనలో హిందువు అని రాసుకున్నవాళ్ళంతా రోజూ సంధ్యావందనం చేస్తున్నారా? మన విషయంలో ఇది అడిగితే నవ్వుతాం. వాళ్ళ విషయంలో ముప్పై లక్షల మందినీ ఒకే మనిషిగా లెక్కేస్తాం.

పోలీసు ఫైలు సమాజశాస్త్రం కాదు

"అయితే బాంబులు పెట్టింది ఎవరు?" అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. 2005 జులై 7న లండన్ రైళ్ళలో, బస్సులో 52 మంది చనిపోయారు. ఇక్కడ సింగపూరులోనే 2001 డిసెంబరులో జెమా ఇస్లామియా ముఠాని పట్టుకున్నారు. ఇలాంటివాటిని వెతికి ఆపడం ప్రభుత్వాల పని. ఆ పని చేయవద్దని ఎవరూ అనరు.

కాని ఆ పనిని చదువు నెత్తిన పెడితే ఏమవుతుందో కూడా చూశాం. 2007లో బ్రిటిష్ ప్రభుత్వం విశ్వవిద్యాలయాల్లో ఇస్లామిక్ అధ్యయనాన్ని వ్యూహాత్మకంగా ముఖ్యమైన సబ్జెక్టుగా ప్రకటించి నిధులిచ్చింది. ఒక మతాన్ని, ఒక నాగరికతని చదవడానికి కారణం దేశ భద్రత అయినప్పుడు, పరిశోధకుడు గది తలుపు తట్టకముందే లోపలున్నవాడు అనుమానితుడవుతాడు. అదే ఏడాది న్యూయార్క్ పోలీసు శాఖ పాశ్చాత్య దేశాల్లో తీవ్రవాదం ఎలా పుడుతుందో చెప్తూ ఒక నివేదిక వేసింది. నాలుగేళ్ళకి, 2011లో, ఆ శాఖ ముస్లిం విద్యార్థి సంఘాల మీద, హోటళ్ళ మీద, పుస్తకాల షాపుల మీద నిఘా పెట్టిందని పత్రికలు బయటపెట్టాయి. ఆ పని చూసే విభాగానికి పెట్టిన పేరు డెమోగ్రాఫిక్స్ యూనిట్. జనాభా శాస్త్రం పేరన్నమాట! హోటల్లో కూర్చుని ఉర్దూలో మాట్లాడుకోవడం కూడా రాసుకోదగ్గ సమాచారమైంది. తన హయాంలో ఆ విభాగం రాసుకున్న సంభాషణల్లోంచి ఒక్క ఉగ్రవాద దర్యాప్తు కూడా మొదలుకాలేదని 2012లో ఆ శాఖ ఉన్నతాధికారే ప్రమాణం చేసి చెప్పాడు. 2014లో ఆ విభాగాన్ని మూసేశారు.

ఉర్దూలో మాట్లాడుకునేవాళ్ళు అంటే ఎవరు? మెహిదీపట్నం నుంచి వెళ్ళినవాళ్ళు కూడా అందులో ఉంటారు కదా. ఆ హోటల్లో పక్క బల్ల దగ్గర మీరూ నేనూ కూర్చుని హైదరాబాదీ హిందీలో మాట్లాడుకుంటూ ఉంటే, రాసుకునే కానిస్టేబుల్‌కి తేడా తెలుస్తుందా?

ఫ్రాన్సు ఇంకో అడుగు ముందుకేసింది. 2021 ఫిబ్రవరిలో ఉన్నత విద్యాశాఖ మంత్రి విశ్వవిద్యాలయాల్లో ఇస్లామో వామపక్షవాదం పెరిగిపోయిందని, జాతీయ పరిశోధన సంస్థ సీఎన్‌ఆర్‌ఎస్ చేత విచారణ జరిపిస్తానని ప్రకటించింది. ఆ మాటకి శాస్త్రీయమైన అర్థమేమీ లేదని ఆ సంస్థే బహిరంగంగా చెప్పింది. చదివిందేమిటో చెప్పినందుకు చదివినవాడినే అనుమానించడం అంటే ఇదే.

ఆ చదువులో మన హైదరాబాదు ఉంది

మనవాళ్ళకి పాశ్చాత్య ముస్లిం అంటే ఎవడో అరబ్బు, ఎవడో ఆఫ్రికావాడు. మన ఊరివాడు గుర్తుకు రాడు.

ఇస్లాం గురించి ఇంగ్లీషులో చదివే లోకానికి ఎన్నో దశాబ్దాలు అందుబాటులో ఉన్న ఖురాన్ అనువాదాల్లో ఒకటి మార్మడ్యూక్ పిక్తాల్‌ది. ఆయన ఇంగ్లండ్ నవలాకారుడు, ఇస్లాం స్వీకరించినవాడు. హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలుకి ప్రధానోపాధ్యాయుడయ్యాడు. నిజాం ప్రభుత్వం జీతంతో సెలవిస్తే అనువాదం పూర్తి చేసి 1930లో ప్రచురించాడు. 1927లో హైదరాబాదు నుంచి మొదలైన ఇస్లామిక్ కల్చర్ అనే ఇంగ్లీషు త్రైమాసిక పత్రికకి తొలి సంపాదకుడు కూడా ఆయనే.

ముహమ్మద్ హమీదుల్లా 1908లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, జర్మనీలో బాన్ నుంచి ఒక డాక్టరేటు, పారిస్‌లో సోర్బాన్ నుంచి ఇంకొకటి తీసుకున్నారు. ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. 1948 తర్వాత పారిస్‌లోనే ఉండిపోయి సీఎన్‌ఆర్‌ఎస్‌లో పరిశోధకుడిగా పనిచేశారు. పైన మంత్రి విచారణ చేయమన్న సంస్థ ఇదే. 1959లో వచ్చిన ఆయన ఫ్రెంచి ఖురాన్ అనువాదం ఫ్రాన్సులో ఎన్నో ముద్రణలు పొందింది. 2002లో అమెరికాలోని ఫ్లోరిడాలో చనిపోయారు. తెలుగు సంఘాల సావనీర్లలో మన ప్రవాస ప్రముఖులంటూ వచ్చే జాబితాల్లో ఆయన పేరు నేను ఒక్కసారి కూడా చూడలేదు. మీరు చూసి ఉంటే చెప్పండి, సంతోషిస్తాను.

ఇక కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్‌లో పనిచేసిన మానవశాస్త్రవేత్త కారెన్ లెనార్డ్ సంగతి. హైదరాబాదు కాయస్థుల చరిత్ర మీద 1978లో పుస్తకం రాసిన మనిషి ఆమె. 2003లో అమెరికా ముస్లింల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనంతా సమీక్షిస్తూ ఒక పుస్తకం వేశారు. 2007లో విదేశాల్లోని హైదరాబాదీల మీద ఇంకో పుస్తకం. దానికోసం పాకిస్తాన్, బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, కువైట్, యుఏఈలలో తిరిగి మనుషుల్ని కలిసి మాట్లాడారు. ఆ పుస్తకంలో నాకు పట్టుకున్నది ఒకటే. ఒకే పాతనగరంలోంచి వెళ్ళినవాళ్ళు కరాచీలో ఒకలా, కువైట్‌లో ఒకలా, కాలిఫోర్నియాలో ఇంకొకలా మారారు. ఏ దేశం పౌరసత్వం ఇచ్చింది, ఏ దేశం వీసా అయిపోగానే పంపించేసింది, ఏ దేశంలో పిల్లలు పెరిగారు, ఇవన్నీ కలిసి వాళ్ళని మార్చాయి. మతం ఒక్కటే మనిషిని నిర్ణయిస్తే ఈ తేడాలు ఎక్కణ్ణించి వచ్చాయి? గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డ మనకి ఇది అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

కూర్చుని వినే చదువు

మంచి పరిశోధన అంటే ఏమిటో తెలియాలంటే పాశ్చాత్య విశ్వవిద్యాలయాల నుంచి మన నేల మీదికే వచ్చిన రెండు పుస్తకాలు చాలు.

ఎమోరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాయిస్ ఫ్లూకిగర్ హైదరాబాదులో వైద్యం చేసే ఒక ముస్లిం అమ్మ గదిలో నెలల తరబడి కూర్చుని 2006లో పుస్తకం తెచ్చారు. ఆ గదికి ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు వరసగా వస్తారు. జ్వరం, నిద్రపట్టకపోవడం, ఇంట్లో గొడవలు, ఎవరి బాధ వాళ్ళది. అమ్మ రాసిచ్చే చీటీ మీద అరబిక్ అక్షరాలు. మత గ్రంథాల్లో ఎక్కడా కనపడని ఒక ఇస్లాం ఆ గదిలో ఉంది.

ఇంకొకరు మన అఫ్సర్. తెలుగు కవిగా మీకు తెలుసు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్తారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప స్వామి పేరు మీద జరిగే మొహర్రం గురించి ఆయన రాసిన పుస్తకం 2013లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం నుంచి వచ్చింది. పీర్ల పండుగ మీకు కొత్తేమీ కాదు. పీర్లు లేచినప్పుడు నిప్పుల గుండం చుట్టూ మన తాతలు, మేనమామలు తిరగలేదా? మొక్కుకుని మస్తానయ్య, హుసేనమ్మ అని పేర్లు పెట్టుకున్న హిందువులు మీ చుట్టాల్లో లేరా? అమెరికాలో అచ్చయిన పుస్తకం మన ఊరి జ్ఞాపకాన్ని మనకి తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. అదే అఫ్సర్ 1948 పోలీసు చర్య హైదరాబాదు ముస్లింల జీవితాల్లో ఏం చేసిందో మాట్లాడించి 2023లో ఇంకో పుస్తకం తెచ్చారు. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరాలో ముగిసిపోయే సంగతి అది.

మన గొంతుకి ఒక న్యాయమా?

ఇప్పుడు అసలు కోపానికి వస్తాను.

2005–06లో కాలిఫోర్నియా బడి పుస్తకాల్లో హిందూమతం గురించి ఉన్న పాఠాలు మార్చమని ప్రవాస భారతీయ సంస్థలు పోరాడాయి. 2014లో వెండీ డానిగర్ హిందువుల మీద రాసిన పుస్తకాన్ని కోర్టు కేసు తర్వాత పెంగ్విన్ ఇండియా వెనక్కి తీసుకుంది. రెండుసార్లూ మనవాళ్ళ వాదన ఒకటే. బయటివాళ్ళు మనల్ని మ్యూజియం వస్తువుల్లా చూస్తున్నారు. కులం, సతి, మూఢనమ్మకం తప్ప ఇంకేమీ చూడరు. మమ్మల్ని అడక్కుండా మా గురించి రాస్తారు.

ఆ రెండు గొడవల్లో ఎవరు రైటన్నది వేరే చర్చ. పుస్తకాన్ని వాపసు తీయించడం నాకు సమ్మతం కాదు. కాని ఆ వాదనలో ఒక న్యాయం ఉంది: ఎవరి గురించి రాస్తున్నామో వాళ్ళ గొంతు వినాలి. ఆ న్యాయం మనకి మాత్రమే ఎందుకు? మన గురించి రాస్తే వలసవాద దృష్టి. ముస్లింల గురించి ఎవడేం రాసినా రీసెర్చ్. మొదటిదానికి సంతకాల సేకరణ, రెండోదానికి చప్పట్లు.

వలసవాద దృష్టి మనల్ని ఎలా చూసిందో ఈ సింగపూరు నేల మీదే తెలుసుకోవచ్చు. మన కళింగం పేరులోంచి వచ్చిన క్లింగ్ అనే మాటతో ఇక్కడ దక్షిణాది వాళ్ళందరినీ పిలిచారు. పోను పోను అది తిట్టయింది. బర్మాలో మన కోరింగ రేవు పేరు తీసుకుని తెలుగు కూలీల్ని కోరంగీలన్నారు. మలయా రబ్బరు తోటల్లో అడిగినంత సేపు పనిచేసినందుకు మనవాళ్ళు లొంగే జాతి. ఆ జీతానికి, ఆ బతుక్కి రామన్నందుకు మలయ్‌లు సోమరి జాతి. ఈ సోమరి స్థానికుడి కథని ముక్కముక్కలుగా విప్పి 1977లో పుస్తకం రాసినవారు సయ్యద్ హుసేన్ అలతాస్. ఇక్కడి విశ్వవిద్యాలయంలోనే మలయ్ అధ్యయన శాఖకి చాలా ఏళ్ళు అధిపతి. ఆయన చూపించింది ఒకటే. తోట యజమానికి పనికొచ్చే అభిప్రాయాన్ని పండితులు శాస్త్రంగా రాసిపెట్టారు. మన గురించి రాసిన మాట, వాళ్ళ గురించి రాసిన మాట ఒకే కలం నుంచి వచ్చాయి. అందులో వాళ్ళ భాగం మాత్రం నిజమని ఇప్పుడు మనం నమ్ముతున్నాం.

ఇంకో మాట. ఈ దేశంలో మైనారిటీ ఎవరనుకున్నారు? 2020 జనగణనలో పౌరులు, శాశ్వత నివాసుల్లో మలయ్‌లు 13.5 శాతం, భారతీయులు 9 శాతం. మన హెచ్‌డీబీ ఫ్లాటు అమ్ముకోవాలన్నా 1989 నుంచి ఉన్న జాతుల కోటా చూసుకోవాలి. లెక్కించేవాడి కంటికి మనమూ ఒక గడిలో పడే అంకెలమే.

అటువైపు మెహర్బానీ కూడా వద్దు

ముస్లింల గురించి మంచి తప్ప ఏమీ రాయకూడదని నేననడం లేదు. పొగడ్త కూడా పరిశోధన కాదు. 2022 అక్టోబరులో అమెరికాలోని హామ్లిన్ విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర చెప్పే ఉపాధ్యాయురాలు, ఒక ముస్లిం పాలకుడి కొలువులో 14వ శతాబ్దంలో తయారైన గ్రంథంలోంచి ప్రవక్త బొమ్మ ఉన్న చిత్రాన్ని క్లాసులో చూపించింది. చూడ్డం ఇష్టం లేనివాళ్ళు తప్పుకోవచ్చని ముందే చెప్పింది. అయినా ఫిర్యాదు వచ్చింది, ఆమెకి తర్వాతి సెమిస్టరు పని పోయింది. అప్పుడు ఆమె పక్షాన నిలబడ్డవాళ్ళలో ముస్లిం పబ్లిక్ అఫైర్స్ కౌన్సిల్ కూడా ఉంది. ముస్లింలందరూ ఒకే గొంతుతో మాట్లాడతారని అనుకున్న ఆ కాలేజీ అధికారులూ, రౌండ్ మార్కెట్‌లో మా మిత్రుడూ ఒకే తప్పు చేశారు.

ఆడవాళ్ళ విషయంలోనూ అంతే. "మరి వాళ్ళ ఆడవాళ్ళ సంగతేంటి?" అని మనవాళ్ళు గుండెలు బాదుకుంటారు. ఆ ప్రశ్న వాళ్ళ ఆడవాళ్ళే మనకన్నా ముందు, మనకన్నా గట్టిగా అడిగారు. ఆమినా వదూద్ అనే అమెరికన్ ముస్లిం పండితురాలు ఖురాన్‌ని స్త్రీ వైపు నుంచి చదువుతూ రాసిన పుస్తకం 1992లో పక్కనున్న కౌలాలంపూర్ నుంచే వచ్చింది. తెలుగులో షాజహానా కవిత్వం ఉంది. మనకి నిజంగా ఆ ఆడవాళ్ళ మీద ప్రేమ ఉంటే వాళ్ళు రాసింది చదివి ఉండేవాళ్ళం.

మరి నేనేం చేశాను?

ఇంత నీతి చెప్తున్నాను కదా, నా సంగతి కూడా చెప్పాలి. ఎమ్మెస్ చదివే రోజుల్లో నా రూమ్మేటు కడపవాడు, ముస్లిం. నాకన్నా మంచి తెలుగు. వేమన పద్యాలు వరసగా చెప్పేవాడు. ఒక ఉగాదికి నేనే బలవంతం చేసి తెలుగు సంఘం కార్యక్రమానికి తీసుకెళ్ళాను. పేరు అడిగి తెలుసుకున్న ఒక పెద్దావిడ, "అరె, మీరు తెలుగు భలే మాట్లాడుతున్నారే!" అంది. వాడు నవ్వి, "మా అమ్మ కూడా ఇలాగే మాట్లాడుతుందండీ" అన్నాడు. తర్వాత భోజనాల దగ్గర ఎవరో ఒక జోకు వేశారు. ఏమిటో ఇక్కడ రాయను. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

వాడు ఏమీ అనలేదు. మళ్ళీ ఏ ఉగాదికీ రాలేదు. "రావా?" అని నేనడిగితే, "నువ్వెళ్ళిరా అన్నా" అనేవాడు. ఇప్పుడు టెక్సస్‌లో ఉన్నాడు. పండగలకి మెసేజీలు నడుస్తాయి, అంతే.

ఆ ఊళ్ళో తెలుగువాళ్ళెందరని ఎవరైనా సర్వే చేసి ఉంటే మా సంఘం సభ్యుల జాబితా తీసుకెళ్ళి ఉండేవాళ్ళు. మా వాడు అందులో లేడు. అలా ఒక తెలుగువాడు తెలుగు లెక్కలోంచి పోయాడు. పోగొట్టింది మేం. ఆ బల్ల దగ్గర నవ్విన నేను కూడా.

ఏం చేద్దాం?

మూడు పనులు. పెద్దవేమీ కావు.

ఒకటి. ఈసారి ఎవరైనా "రీసెర్చ్ చెప్తోంది" అంటే, ఎవరు చేశారు, ఎంతమందిని అడిగారు, డబ్బెవరిచ్చారు అని అడగండి. ఆఫీసులో లాగులు లేకుండా బగ్ రిపోర్టు తెచ్చినవాడిని తిప్పి పంపుతాం కదా. ఆదివారం పూట ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

రెండు. తెలుగు సంఘాల లైబ్రరీల్లో, పుస్తకాల స్టాళ్ళలో స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన జల్‌జలా, వతన్ ఉంచండి. ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు, వేంపల్లె షరీఫ్ జుమ్మా ఉంచండి. సాహిత్య సభకి ఒక ముస్లిం రచయితని పిలిచినప్పుడు మత సామరస్యం గురించి మాట్లాడమని అడగకండి. కథ గురించి అడగండి.

మూడు. ఎమోరీలో లాగా అమెరికా విశ్వవిద్యాలయాల్లో తెలుగు పీఠాలకి మనవాళ్ళు విరాళాలిస్తున్నారు. చాలా మంచి పని. ఆ పీఠాల్లో చదివే తెలుగులో నూర్‌బాషాల తెలుగు, గూగూడు తెలుగు, పాతనగరం తెలుగు కూడా భాగమని ఇచ్చే చేత్తోనే చెప్పండి. ముస్లింల చదువు వేరే శాఖ, తెలుగు చదువు వేరే శాఖ అన్నంత కాలం, మా కడపవాడికి ఏ శాఖలోనూ చోటుండదు.

మా లండన్ మిత్రుడికి ఈ వ్యాసం పంపిస్తున్నాను. వచ్చే ఆదివారం మళ్ళీ రౌండ్ మార్కెట్‌కి వస్తానన్నాడు. నా అంకెల్లో తప్పుంటే అతనైనా, మీలో ఎవరైనా సరైన అంకె తెచ్చి చూపించండి. నా మాట వెనక్కి తీసుకుంటాను. అంకె లేకుండా మాత్రం రావద్దు.